అనుభవం ఎక్కువైన ప్రోగ్రామర్లకి ఎక్సర్సిజం పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నా, పనికొస్తుంది. అయితే ఈ కోడింగ్ ప్రాక్టీస్ వెబ్‌సైట్ తెరవగానే అలా అనిపించదు. బొమ్మలు, బ్యాడ్జీలు, మొదటి ఎక్సర్‌సైజ్ "హలో వరల్డ్" అని ప్రింట్ చేయడం, ఇదంతా చూసి ఏళ్ళ తరబడి ప్రొడక్షన్ సిస్టమ్స్ మోసినవాడికి ఇక్కడేం పని అని ట్యాబ్ మూసేయబుద్ధవుతుంది. మూసేయకండి. ఈ రివ్యూ కొత్తగా కోడింగ్ మొదలుపెట్టినవాళ్ళ కోసం కాదు, వాళ్ళకి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. లీడ్ అనో ఆర్కిటెక్ట్ అనో పేరు ముందు చేరాక, మీటింగులకీ డిజైన్ డాక్యుమెంట్లకీ మధ్య కోడ్ రాసే టైమ్ తగ్గిపోయి, "చేతికి తుప్పు పడుతోందేమో" అని లోలోపల టెన్షన్ పడేవాళ్ళ కోసం.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా: కత్రినా ఓవెన్ అనే ప్రోగ్రామర్ తన దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్ళ ప్రాక్టీసు కోసం 2013లో దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థగా విరాళాల మీదా వాలంటీర్ల మీదా నడుస్తోంది. నేర్చుకునేవాళ్ళకి ఉచితం. డెబ్భైకి పైగా లాంగ్వేజీలున్నాయి, ఒక్కో లాంగ్వేజీకి ఒక్కో ట్రాక్. ట్రాక్‌లో చేరితే చిన్న చిన్న సమస్యలు వస్తాయి, ప్రతి సమస్యతో పాటే దాని టెస్టులు (మన కోడ్ సరైన జవాబిస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు) కూడా వస్తాయి, ఆ టెస్టులన్నీ పాసయ్యేలా కోడ్ రాసి పంపాలి. బ్రౌజర్‌లోనే రాయొచ్చు, లేదా కమాండ్‌లైన్ టూల్ దింపుకుని మీ సొంత మెషీన్ మీద, మీ ఎడిటర్లో రాయొచ్చు. నన్నడిగితే రెండోదే మేలు. కొత్త లాంగ్వేజీలో వాక్యనిర్మాణం నేర్చుకోవడం సులువే, కోడ్‌ని కంపైల్ చేసి టెస్టులు నడిపే దాని బిల్డ్ టూల్‌తో (రస్ట్‌కి కార్గో, ఎలిక్సిర్‌కి మిక్స్, జావా ట్రాక్‌లో గ్రేడిల్) చెయ్యి తిరగడమే అసలు పని, బ్రౌజర్‌లో రాస్తే అది మొత్తం దాటిపోతుంది.

నేను ప్రధానంగా జావా మనిషిని. స్ట్రట్స్, ఈజేబీ లాంటి పాత జావా ఫ్రేమ్‌వర్క్‌ల కాలంలో మొదలుపెట్టి స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ మీదుగా ఇక్కడిదాకా వచ్చాను. ఇన్నేళ్ళలో చూసిందేంటంటే, మనం అప్‌డేట్ అవ్వకుండా ఆపేది బద్ధకం కాదు, ఉద్యోగమే. ప్రాజెక్ట్‌లో ఏ వెర్షన్ ఉంటే అదే మన ప్రపంచం. జావా 8 వచ్చింది 2014 మార్చిలో. లాంబ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు), స్ట్రీమ్స్ (డేటాని మెట్లు మెట్లుగా గొలుసులా నడిపించే పద్ధతి) దాంతోనే వచ్చాయి. చాలా కంపెనీలు ఎలాగోలా అక్కడిదాకా వచ్చి అక్కడే గుడారం వేసుకున్నాయి. ఈలోగా 2017 తర్వాత జావా ఆరు నెలలకొక వెర్షన్ పద్ధతిలోకి మారిపోయింది. వేరియబుల్ టైపు రాయకుండా వదిలేయనిచ్చే వార్ (var) 2018లో, స్విచ్ ఎక్స్‌ప్రెషన్లు 2020లో, రికార్డులు 2021లో, వర్చువల్ త్రెడ్స్ (ఒకేసారి చాలా పనులు నడపడానికి తేలికైన త్రెడ్లు), స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ (డేటా ఆకారాన్ని బట్టి దారి ఎంచుకోవడం) 2023లో ఖరారయ్యాయి. జావా 8 ప్రాజెక్ట్‌లో కూర్చుని వీటి గురించి ఆర్టికల్స్ చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. చదివింది వేరు, వేళ్ళకి వచ్చింది వేరు.

పైగా ఏది నేర్చుకోవాలో తెలియకపోవడం ఇంకో తలనొప్పి. వెబ్‌లో యానిమేషన్లకీ ఆటలకీ వాడిన ఫ్లాష్ మీద కెరీర్ కట్టుకున్నవాళ్ళు ఉన్నారు, 2020 డిసెంబర్ 31తో దానికి సపోర్ట్ ఆగిపోయింది. ఏళ్ళ తరబడి యాంగ్యులర్‌జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసినవాళ్ళకి 2016లో వచ్చిన యాంగ్యులర్ 2 పేరులో మాత్రమే బంధువు. అటుపక్క 1970లలో పుట్టిన డేటాబేస్ లాంగ్వేజీ ఎస్‌క్యూఎల్ మాత్రం ఈరోజుకీ నిక్షేపంలా ఉంది, అందులో విండో ఫంక్షన్లు సరిగ్గా రాయగలిగితే ఏ టీమ్‌లోనైనా మర్యాదే. ఫ్రేమ్‌వర్క్‌ల వెంట పరిగెత్తడం కంటే లాంగ్వేజీల అడుగున ఉన్న ఆలోచనలు పట్టుకోవడం మంచిదని చాలామంది అంటారు, నేనూ అంటాను. మరి ఎక్కడ పట్టుకోవాలి? అక్కడే నాకు ఈ సైట్ అక్కరకొచ్చింది.

దీనికి ముందు ఒక వీడియో కోర్సుల సైటుకి ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టాను. పేరెందుకు గానీ, అలాంటివి అన్నీ ఒకే తాను ముక్కలు. కోర్సు టైటిల్లో ఈ ఏడాది నంబర్ ఉంటుంది, లోపల స్క్రీన్ మీద మాత్రం మూడు వెర్షన్ల కిందటి ఎడిటర్ కనిపిస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ టైప్ చేస్తుంటే మనం ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టుకుని తల ఊపుతూ కూర్చుంటాం, చివర్లో సర్టిఫికెట్ వస్తుంది, వారం తిరక్కుండా అందులో ఒక్క ముక్క గుర్తుండదు. రద్దు చేద్దామని వెళితే ఆ బటన్ ఎక్కడుందో వెతకడానికి ఇంకో కోర్సు కావాలి. అది అలా ఆటో రెన్యూవల్ అయ్యి మళ్ళీ డబ్బులు కట్ అయ్యాక గానీ వదల్లేదు.

సరే, అసలు సంగతికి వద్దాం. అనుభవం ఉన్నవాళ్ళు ఇక్కడికి రాగానే నేరుగా రస్ట్‌కో హాస్కెల్‌కో పోతారు. నా సలహా వేరే. ముందు మీరు రోజూ రాసే లాంగ్వేజీ ట్రాక్‌లోనే చేరండి. విచిత్రంగా అనిపించొచ్చు గానీ, ఎక్కువ తెలిసొచ్చేది అక్కడే.

ఉదాహరణకి క్లాక్ అని ఒక ఎక్సర్‌సైజ్ ఉంది. తేదీలు లేని గడియారం చేయాలి, గంటలు, నిమిషాలు అంతే. నిమిషాలు కలపాలి, తియ్యాలి, రెండు గడియారాలు ఒకే టైమ్ చూపిస్తుంటే సమానం అనాలి. చూడ్డానికి పావుగంట పని. టెస్టులు మాత్రం గడుసువి. 100 గంటలు ఇస్తే 04:00 రావాలి, 0 గంటల 160 నిమిషాలు ఇస్తే 02:40, మైనస్ 1 గంట 15 నిమిషాలు ఇస్తే 23:15. ఈ మైనస్ దగ్గరే తిరకాసు. జావాలో మైనస్ 1ని 24తో భాగిస్తే వచ్చే శేషం మైనస్ 1, ఎందుకంటే భాగహారం సున్నా వైపుకి కత్తిరించేస్తుంది కాబట్టి శేషానికి ఎడమవైపు సంఖ్య గుర్తే వస్తుంది. పైథాన్‌లో అదే లెక్కకి 23 వస్తుంది. మనలాంటి పాతవాళ్ళకి దీనికి వేళ్ళలోనే ఒక చిట్కా ఉంటుంది: శేషం తీసి, 24 కలిపి, మళ్ళీ శేషం తియ్యడం. నేనూ అదే రాసి పంపాను, టెస్టులన్నీ పాసయ్యాయి. ఆ తర్వాత వేరేవాళ్ళ సొల్యూషన్లు తెరిచి చూస్తే సగం మంది జావాతో పాటే వచ్చే మ్యాథ్ (Math) అనే క్లాస్‌లోని ఫ్లోర్‌మాడ్ (floorMod) అని ఒక్క పిలుపుతో పని కానిచ్చారు. అది జావా 8 నుంచీ ఉంది! అంటే నేను రోజూ వాడుతున్న వెర్షన్‌లోనే, నా ముక్కు కిందే ఉంది. నా చిట్కా తప్పేం కాదు, ఈరోజుకీ సరిగ్గానే పనిచేస్తుంది, కాకపోతే దాన్ని చదివేవాడు ఒక్క క్షణం ఆగి ఇదెందుకు రెండుసార్లు చేశాడు అని ఆలోచించాలి, ఫ్లోర్‌మాడ్‌కి ఆ అవసరం లేదు.

అనుభవంతో వచ్చే చిక్కు ఇదే. పని అవుతోంది కాబట్టి వెతకం. ఆఫీసులో కోడ్ రివ్యూలో కూడా ఎవరూ చెప్పరు, ఎందుకంటే సీనియర్ రాసిన లైన్‌ని, అదీ సరిగ్గా పనిచేస్తున్న లైన్‌ని, కదిపే ధైర్యం జూనియర్లకి ఉండదు. మొహమాటం కొద్దీ అప్రూవ్ కొట్టేస్తారు.

సైట్‌లో మొహమాటం ఉండదు, మెంటరింగ్ గొప్పతనం అదే. మీ సొల్యూషన్ పాసయ్యాక రివ్యూ అడగొచ్చు, ఎవరో ఒక వాలంటీర్ దాన్ని తీసుకుని లైన్ లైన్ చదివి కామెంట్ రాస్తారు, మీరు మార్చి మళ్ళీ పంపొచ్చు, పాత వెర్షన్లన్నీ పక్కపక్కనే ఉంటాయి. వాళ్ళకి మీ డిజిగ్నేషన్ తెలియదు, మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారో తెలియదు. ఒక ఎక్సర్‌సైజ్‌లో నేను రెండు ఫర్ లూపుల్ని కలిపి ఒకే పొడుగాటి స్ట్రీమ్ గొలుసుగా రాసి పంపితే, మెంటర్ వేసింది ఒకే ప్రశ్న: "రేపు ఇందులో మూడో మెట్టులో బగ్ ఉందని తెలిస్తే బ్రేక్‌పాయింట్ (కోడ్‌ని మధ్యలో ఆపి చూసే చోటు) ఎక్కడ పెడతారు?" నేను ఒప్పుకోలేదు, ఎడిటర్లో స్ట్రీమ్ డీబగ్గర్ ఉంది కదా అని వాదించాను, ఆవిడ తన వాదన తను చెప్పింది. ఆ కోడ్ వరకు నాదే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయినా ఒక సీనియర్‌కి తన కోడ్ మీద ఈ మాత్రం వాదన దొరకడం ఎంత అరుదో, ఆ స్థానంలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

అన్ని ట్రాకుల్లో మెంటర్లు ఒకేలా దొరకరు. వాలంటీర్లు కాబట్టి ఒక్కోసారి త్వరగా వస్తుంది, ఒక్కోసారి ఎదురుచూడాలి, ఒక్కోసారి "బాగుంది, కానివ్వండి" అని ఒక్క వాక్యంతో ముగించేస్తారు. రివ్యూ అడిగేటప్పుడు మీరే ఒక ప్రశ్న పెట్టండి. "ఎలా ఉంది?" అంటే బాగుందనే అంటారు. "ఈ క్లాస్ మార్పులేనిదిగా ఉండాలా, ఉంటే దీన్ని ఎలా విడదీస్తారు?" అంటే పేజీడు జవాబు వస్తుంది. కొన్ని ట్రాకుల్లో ఆటోమేటిక్‌గా కోడ్ చూసి సూచనలిచ్చే ఎనలైజర్లు కూడా ఉన్నాయి, మొదట్లోని చిన్న ఎక్సర్‌సైజులకి అవి సరిపోతాయి.

ఇంతకంటే నాకు ఎక్కువ లాభం కలిగించింది ఇంకొకటి ఉంది. మీరే మెంటర్ అవ్వండి. ఉద్యోగంలో జూనియర్లకి చెప్పట్లేదా అంటారేమో, చెబుతాం గానీ అక్కడ డెడ్‌లైన్ ఉంటుంది, "ఇలా మార్చెయ్" అనేసి వెళ్ళిపోతాం. ఇక్కడ ఎందుకో చెప్పాలి. ఒకతను రాసిన కోడ్‌లో చిన్న అంకెలకి టెస్ట్ పాసవుతోంది, పెద్ద అంకెలకి ఫెయిల్ అవుతోంది, లాజిక్ చూస్తే ఎక్కడా తేడా లేదు. విషయమేంటంటే రెండు ఇంటీజర్ ఆబ్జెక్టుల్ని డబుల్ ఈక్వల్స్‌తో (==) పోలుస్తున్నాడు, అది విలువల్ని కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అన్నది చూస్తుంది. జావాలో మైనస్ 128 నుంచి 127 దాకా ఉన్న విలువల్ని బాక్స్ చేస్తే (అంటే మామూలు అంకెని ఆబ్జెక్ట్‌గా మారిస్తే) ముందే తయారుగా ఉన్న ఒకే ఆబ్జెక్ట్ వస్తుంది, కాబట్టి పోలిక నిజం అవుతుంది. 127 దాటితే మామూలుగా ఎవరి ఆబ్జెక్ట్ వాళ్ళది, విలువ ఒకటే అయినా పోలిక అబద్ధం. ఈక్వల్స్ మెథడ్ వాడు అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ ఆ 127 దగ్గర గీత ఎందుకుంది, అది లాంగ్వేజీ స్పెసిఫికేషన్‌లో ఉన్న హామీయా లేక జావా కోడ్‌ని నడిపే ఈ జేవీఎం ఇష్టమా అన్నది రాయాలంటే నేనే వెళ్ళి స్పెసిఫికేషన్ తెరవాల్సొచ్చింది. ఆ పరిధి వరకు హామీయే, అంతకు మించి దాచుకోవడం అమలు చేసేవాళ్ళ ఇష్టం. ఎప్పుడో ఇంటర్వ్యూల కోసం బట్టీ పట్టిన విషయం అప్పటికి గానీ పూర్తిగా అర్థం కాలేదు.

ఇప్పుడు రెండో లాంగ్వేజీ సంగతి. ఉద్యోగం మారడానికి కాదు, మీ లాంగ్వేజీ ఎటు పోతోందో చూడ్డానికి ఇంకో లాంగ్వేజీ నేర్చుకోవాలి అన్నది నా అభిప్రాయం. జావాకి 2014లో వచ్చిన లాంబ్డాలు లిస్ప్‌లో 1950ల చివరి నుంచే ఉన్నాయి. ఇప్పుడు అందరూ చప్పట్లు కొడుతున్న ప్యాటర్న్ మ్యాచింగ్ ఎంఎల్ కుటుంబం లాంగ్వేజీల్లో 1970ల నాటి సరుకు. పైథాన్‌కి అది 2021లో, 3.10 వెర్షన్‌తో వచ్చింది. మనకి "కొత్త ఫీచర్" అని వచ్చేదాంట్లో చాలా భాగం ఇంకెక్కడో ముదిరిపోయినదే. ఆ ఇంకెక్కడికి ఒకసారి వెళ్ళొస్తే రిలీజ్ నోట్స్ చదివినప్పుడు కంగారు ఉండదు.

బ్యాంక్ అకౌంట్ అనే ఎక్సర్‌సైజ్‌తో దీన్ని చూపిస్తాను, జావా ట్రాక్‌లోనూ ఎలిక్సిర్ ట్రాక్‌లోనూ ఉంది. ఖాతా తెరవాలి, డబ్బు వెయ్యాలి, తియ్యాలి, మూసేయాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఒకేసారి చాలామంది వేసినా తీసినా లెక్క తప్పకూడదు. జావాలో చెయ్యి దానంతటదే సింక్రొనైజ్డ్ అని టైప్ చేసేస్తుంది. బ్యాలెన్స్ అనే ఒక డబ్బా ఉంది, దానికి తాళం వేస్తున్నాం, లోపలికి ఒక్కళ్ళే వెళ్ళాలి. ఎలిక్సిర్‌లో తాళం వేద్దామంటే వెయ్యడానికి డబ్బానే ఉండదు. డేటా మారదు. ఖాతా అంటేనే ఒక చిన్న ప్రాసెస్, దానికొక ఉత్తరాల పెట్టె. "వంద వెయ్యి" అని మెసేజ్ పంపుతారు, అది వచ్చిన వరసలో ఒక్కోటీ తీసి చదువుతుంది, కొత్త బ్యాలెన్స్‌ని తనే గుర్తుపెట్టుకుని జవాబిస్తుంది. ఒకేసారి వెయ్యి మెసేజులు వచ్చినా చదివేది ఒక్కొక్కటే కాబట్టి లెక్క తప్పే దారే లేదు. జెన్‌సర్వర్ అనే మాడ్యూల్‌తో ఇది ముప్పై, నలభై లైన్ల పని. మొదటిసారి టెస్టులు పాసైనప్పుడు ఇంకా తాళం ఎక్కడ వేశానా అని వెతుక్కుంటూ ఉన్నాను.

ఆ ప్రాసెసులు ఆపరేటింగ్ సిస్టమ్ త్రెడ్లు కావు, చాలా తేలికైనవి, ఒక మెషీన్ మీద లక్షల్లో నడపొచ్చు. ఈ పద్ధతి ఎలిక్సిర్ సొంతం కూడా కాదు, దాని కిందున్న ఎర్లాంగ్‌ది. 1980లలో ఎరిక్సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం చేసిన లాంగ్వేజీ అది. ఆ తర్వాత జావా 21 వర్చువల్ త్రెడ్స్ గురించి చదివితే సగం పరిచయమున్న ముఖంలా అనిపించింది. తేలికైన త్రెడ్స్ వచ్చాయి సరే, కానీ పంచుకునే డబ్బా, తాళం అలాగే ఉన్నాయి కదా, మరి ఇబ్బంది ఎక్కడ వస్తుంది అన్న ప్రశ్న దానంతటదే పుట్టింది. వచ్చింది కూడా. 21లో సింక్రొనైజ్డ్ బ్లాక్ లోపల ఒక వర్చువల్ త్రెడ్ ఆగిపోతే, దాన్ని మోస్తున్న అసలు త్రెడ్ కూడా కదలకుండా ఇరుక్కుపోయేది. దాన్ని 2025 మార్చిలో వచ్చిన జావా 24లో సరిచేశారు. మా టీమ్‌లో 21కి మైగ్రేషన్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి మొదటి రోజే బల్ల మీద పెట్టగలిగానంటే కారణం ఆ చిన్న బ్యాంక్ ఎక్సర్‌సైజే.

రస్ట్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెబుతూనే ఉన్నారు. 2015లో 1.0 వచ్చింది. గార్బేజ్ కలెక్టర్ నీడలో పెరిగినవాళ్ళకి మొదట్లో కంపైలర్ అడుగడుగునా అడ్డం పడుతుంది, అది పెట్టే ఎర్రర్ మెసేజులు మాత్రం చదివి నేర్చుకునేంత బాగుంటాయి. ఆ ట్రాక్‌లో నాకు నచ్చిందేంటంటే మొదటి టెస్ట్ తప్ప మిగతావన్నీ ఇగ్నోర్ గుర్తుతో వస్తాయి, ఒక్కోటీ తెరుచుకుంటూ పోవాలి. అన్నీ ఒకేసారి ఎర్రగా కనిపించి గుండె ఆగిపోకుండా.

లోటుపాట్లకి వస్తే, పెద్దదేంటంటే ఇక్కడివన్నీ ఒకటి రెండు ఫైళ్ళ సమస్యలు. ఉద్యోగంలో మనల్ని తినేసేవి ఇవి కావు. పదేళ్ళ నాటి కోడ్‌బేస్‌లో టెస్టులే లేని చోట చెయ్యి పెట్టడం, డౌన్‌టైమ్ లేకుండా స్కీమా మార్చడం, రాత్రిపూట అలర్ట్ వస్తే ఏ సర్వీస్‌ది తప్పో లాగ్‌లలో వెతకడం, ఇద్దరు సీనియర్లు ఒప్పుకోని డిజైన్‌ని ఒడ్డున పడేయడం, వీటిలో ఒక్కటీ ఇక్కడ దొరకదు. ఫ్రేమ్‌వర్క్‌లు లేవు, డేటాబేస్‌లు, క్లౌడ్ దాదాపు లేవు. అది ఈ సైట్ తప్పని అనను, వాళ్ళు పెట్టుకున్న పని అది కాదు, కానీ ట్రాక్ మొత్తం పూర్తి చేసేసి "నాకు గో వచ్చు" అని ఎక్కడైనా రాసుకునే ముందు ఆలోచించుకోండి. లాంగ్వేజీ వచ్చి ఉంటుంది, ఆ లాంగ్వేజీతో సిస్టమ్ కట్టడం రాదు.

ఇంకోటి, కాన్సెప్టులు ఒక్కోటీ తెరుచుకుంటూ వెళ్ళే లెర్నింగ్ మోడ్ అనుభవం ఉన్నవాళ్ళకి ఓపిక పరీక్షే. బూలియన్ అంటే ఏంటో మళ్ళీ చెప్పించుకోవాల్సిన పని మనకి లేదు. ప్రాక్టీస్ మోడ్‌కి మార్చేసుకోండి, అన్ని ఎక్సర్‌సైజులూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఎలిక్సిర్ లాంటి పూర్తిగా వేరే ఆలోచన ఉన్న లాంగ్వేజీకి మాత్రం లెర్నింగ్ మోడ్‌లోనే ఉండండి, అక్కడ మనమూ కొత్తవాళ్ళమే. బ్యాడ్జీలు, పాయింట్లు నాకు అక్కర్లేని హడావిడి, ఇష్టపడేవాళ్ళు ఉంటారు.

అందరూ అడిగే ప్రశ్న: ఏఐ కోడ్ రాసేస్తుంటే ఇదంతా ఎందుకు? కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్ కోపైలట్ 2021లో ప్రివ్యూగా, 2022లో అందరికీ వచ్చింది, ఇప్పుడు క్లాక్ ఎక్సర్‌సైజ్ ఇస్తే కళ్ళు మూసి తెరిచేలోగా రాసి పారేస్తుంది. నిజమే. మరి అది రాసినదాన్ని పాస్ చేయాలా వద్దా అని సంతకం పెట్టేది మనమే కదా. మన రోజువారీ పని రాయడం నుంచి చదవడం వైపుకి జరిగిపోతోంది, చదివి "ఇక్కడ మైనస్ వస్తే ఏమవుతుంది?" అని అనుమానించే కన్ను చేత్తో రాసి దెబ్బలు తిన్నవాళ్ళకే ఉంటుంది. అందుకే ఇక్కడ రాసేటప్పుడు ఎడిటర్లో ఏఐ సూచనలు ఆపేస్తాను. పాసయ్యాక మాత్రం అదే సమస్య దానికిచ్చి రాయించి, దాని కోడ్‌ని ఒక మెంటర్‌లా రివ్యూ చేస్తాను. ఇది సైట్ వాళ్ళు చెప్పిన పద్ధతి కాదు, నేను పెట్టుకున్నది. ఆఫీసులో పుల్ రిక్వెస్టులు (రివ్యూకి వచ్చే కోడ్ మార్పులు) చూసే తీరు దీనివల్ల మారింది, ఇప్పుడు ముందు అంచుల్లోని విలువలు చూసి ఆ తర్వాతే పేర్లూ ఫార్మాటింగూ చూస్తున్నాను.

వేరే వాటితో పోలిస్తే: లీట్‌కోడ్ అనే సైట్ ఇంటర్వ్యూ కోసం. మీకు ఇంటర్వ్యూ దగ్గర్లో ఉంటే ఈ రివ్యూ వదిలేసి అక్కడికే పొండి, అక్కడ వేగం, కాంప్లెక్సిటీ ముఖ్యం, ఇక్కడ చదవడానికి బాగుందా, ఆ లాంగ్వేజీ పద్ధతిలో ఉందా అన్నది ముఖ్యం. 2015 నుంచి ప్రతి డిసెంబర్‌లో ఎరిక్ వాస్టల్ నడిపే అడ్వెంట్ ఆఫ్ కోడ్ పజిల్స్ సరదాగా ఉంటాయి. అంతకుముందు 25 రోజులుండేది, 2025లో 12 రోజులకి తగ్గించారు. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళకి ఆ తగ్గింపే మేలు. కొత్త లాంగ్వేజీని ఇక్కడ సగం దాకా నేర్చుకుని, డిసెంబర్‌లో అక్కడ దాంతోనే పజిల్స్ చేయడం మంచి జోడీ.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గించిన ఒకటీ పైన చెప్పిన చిన్న ఫైళ్ళ పరిమితికి.

మొదలుపెట్టేవాళ్ళకి రెండు చిన్న మాటలు. ఒకేసారి అయిదు ట్రాకుల్లో చేరకండి, ఒకటి మీ సొంత లాంగ్వేజీ, ఇంకొకటి దానికి వీలైనంత దూరంగా ఉన్నది, చాలు. జావా వాళ్ళకి కోట్లిన్ దగ్గరి చుట్టం, ఎలిక్సిర్ గానీ హాస్కెల్ గానీ దూరం. ఇక జావాస్క్రిప్ట్ ట్రాక్ తీసుకుంటే ప్రతి ఎక్సర్‌సైజ్ ఫోల్డర్‌లోనూ ప్యాకేజీలు విడివిడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, టెస్టులు పాసయ్యాక ఆ ప్యాకేజీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లు తీసేస్తూ ఉండండి, లేకపోతే కొన్నాళ్ళకి డిస్క్ నిండిపోయిందని ల్యాప్‌టాప్ గోల పెడుతుంది.